హాలీ సిక్కా నుండి పెన్షన్ యూనిట్ దాకా: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో వృద్ధాప్య పొదుపు – రాజకీయ సంక్షోభాలు

వ్యాససంగ్రహం

ఉద్యోగ విరమణ తరువాతి జీవనానికి దాచుకొన్న సొమ్ము రాజకీయ సంక్షోభ కాలంలో ఎలా నిలుస్తుంది, ఎవరి హామీతో నిలుస్తుంది అనే ప్రశ్నను పూర్వ నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1947–59 మధ్య జరిగిన నాణెపు మార్పిడి, 1956, 2014 సంవత్సరాల రాష్ట్ర పునర్వ్యవస్థీకరణలు, 2004 నాటి కంట్రిబ్యూటరీ పెన్షన్ విధానం ఇందులో మూడు ప్రధాన ఘట్టాలు. మొదటి రెండు ఘట్టాల్లో పాలన మారినా పాత బాధ్యతను కొత్త ప్రభుత్వం స్వీకరించింది. మూడవ ఘట్టంలో పాలన స్థిరంగా ఉన్నా బాధ్యత స్వరూపం మారి, మార్కెట్ ఒడుదొడుకుల భారం ఉద్యోగి ఖాతాకు చేరింది. ఈ పరిణామక్రమాన్ని వివరించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: హాలీ సిక్కా, కల్దారు, పింఛను, మునగాల పరగణా, సీపీఎస్, సెన్సెక్స్, భవిష్యనిధి.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ ఆధునిక చరిత్ర రచనలో నల్లగొండ జిల్లాకు ప్రముఖ స్థానం ఉంది. భూమి, వెట్టి, సాయుధ పోరాటం, నీటిపారుదల అనే అంశాల మీద విస్తారంగా పరిశోధన జరిగింది. అయితే ఆ కల్లోలాల నడుమ ఒక బడిపంతులో, ఒక తహసీలు కార్యాలయ గుమాస్తానో, ఒక చిన్న వర్తకుడో ముసలితనానికని దాచుకొన్న సొమ్ము ఏమైందన్న ప్రశ్న ఆ చర్చల అంచుల్లోనే ఉండిపోయింది. రాజకీయ చరిత్రకూ కుటుంబ ఆర్థిక చరిత్రకూ మధ్య ఉన్న ఈ ఖాళీని పూరించడానికి పై మూడు పట్టణాలు తగిన క్షేత్రం.

నిజాం పాలనలో ఈ ప్రాంతమంతా నల్లగొండ జిల్లాలోనిదే. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు సూర్యాపేట, కోదాడ అందులో చేరాయి, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే కొనసాగింది. హైదరాబాదు–విజయవాడ రహదారి మీద ఉన్న సూర్యాపేట, కోదాడ రెండు పాలనల మధ్య రాకపోకల దారిలో పెరిగిన ఊళ్ళు. మిర్యాలగూడ కృష్ణా తీరానికి చేరువలో ఉండి, నాగార్జునసాగర్ నీటితో వరి, బియ్యం మిల్లుల కేంద్రంగా ఎదిగింది. సరిహద్దు ప్రాంతం కావడం వల్ల ప్రతి రాజకీయ మార్పూ ఇక్కడి వారి చేతిలోని డబ్బును నేరుగా తాకింది.

2. పొదుపు పదజాలం

ఒక ప్రాంతం దేనిని భద్రమైన ఆస్తిగా భావించిందో అక్కడి పలుకుబడి తెలుపుతుంది. ‘ముల్లె’ అనే మాటకు మూట, ధనం అనే రెండర్థాలూ ఉన్నాయి. అంటే ధనమంటే చేతపట్టుకొని కదలగలిగినది. ‘పాతర’ నేలలో ధాన్యం దాచే గొయ్యి. ‘గాదె’, ‘గరిసె’ ఇంటి ఆవరణలో ధాన్యపు నిల్వలు. ‘వెనకేసుకోవడం’, ‘కూడబెట్టడం’ అనే పలుకుబళ్ళు క్రమంగా పోగయ్యే పొదుపును సూచిస్తాయి. తెలంగాణలో వడ్డీని ‘మిత్తి’ అంటారు. ధాన్యం అప్పిచ్చి పంట కాలంలో అదనంగా కొలిపించుకొనే పద్ధతి ‘నాగు’.

వీటి పక్కన ఉర్దూ పాలనా భాష నుండి వచ్చిన మాటలు వేరే తీరుకు చెందినవి. ‘వజీఫా’ అంటే సర్కారు ఇచ్చే పింఛను. ‘తనఖా’ అంటే ఆస్తిని కుదువపెట్టడం. ముల్లె, పాతర, గాదె మనిషి ఆధీనంలోని వస్తువులు. వజీఫా మరొకరు నిలబెట్టుకోవలసిన మాట. వస్తువుకు దొంగ, అగ్ని, కరువు శత్రువులు కాగా, మాటకు శత్రువు మాట ఇచ్చినవాని పతనం. పొదుపు భద్రత గురించిన చర్చ అంతా ఈ రెండింటి మధ్యనే నడిచింది.

3. రెండు రూపాయల సరిహద్దు

హైదరాబాదు రాజ్యానికి సొంత నాణెం ఉండేది. ప్రజలు దానిని హాలీ సిక్కా అనీ, ఉస్మానియా సిక్కా అనీ అన్నారు. 1918 నుండి కాగితపు నోట్లూ వెలువడ్డాయి. బ్రిటిషు ఇండియా రూపాయిని ‘కల్దారు’ అనేవారు. రెండు నాణేలకూ మారకపు విలువ 7 హాలీ రూపాయలకు 6 కల్దార్లు. అంటే 100 కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైసలు.

ఈ భేదం సూర్యాపేట–కోదాడ దారిలో మరింత స్పష్టంగా కనిపించేది. ఆ రెండు ఊళ్ళ మధ్యనున్న మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా, పాలన రీత్యా మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీ. సూర్యాపేట నుండి బయలుదేరిన వర్తకుడు మునగాలలో కల్దార్ల సీమలోకి, కోదాడలో తిరిగి హాలీ సీమలోకి, జగ్గయ్యపేట దిశగా సాగితే మళ్ళీ కల్దార్ల సీమలోకి అడుగుపెట్టవలసి వచ్చేది. ఒకే రోజు ప్రయాణంలో సంచిలోని డబ్బు విలువను పలుమార్లు లెక్కగట్టుకొనే పరిస్థితి అది.

ఉద్యోగుల విషయంలో నిజాం ప్రభుత్వం కొన్ని సంస్థాగత ఏర్పాట్లు చేసింది. 1907లో ఉద్యోగుల కోసం కుటుంబ పింఛను నిధి ప్రారంభమైంది. అదే కాలక్రమంలో రాజ్య జీవిత బీమా నిధిగా, తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జీవిత బీమా శాఖగా రూపాంతరం చెందింది. 2014 తరువాత తెలంగాణకు ప్రత్యేక శాఖ ఏర్పడింది. 1941 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో పని ప్రారంభించి నాణెపు నిర్వహణ బాధ్యతను కూడా స్వీకరించింది. 1943లో హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజీ ఏర్పడినా, నల్లగొండ జిల్లా పొదుపరి జీవితంలో వాటాల మార్కెట్టుకు అప్పటికి చోటు లేదు.

4. 1947–48: నాణెమే రాజకీయం

1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికీ నిజాముకూ యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ వెంటనే నిజాం ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి విలువైన లోహాలను రాజ్యం నుండి ఇండియాకు తరలించడాన్ని నియంత్రించింది. రెండవది హైదరాబాదు రాజ్యంలో భారత రూపాయికి చెల్లుబాటు లేకుండా చేసింది. దీనికి తోడు భారత ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల రుణం ఇచ్చింది. ఇవన్నీ ఒప్పందానికి విరుద్ధమని భారత ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది.

ఢిల్లీ, హైదరాబాదు మధ్య దౌత్య వివాదాలుగా చరిత్ర గ్రంథాల్లో కనిపించే ఈ నిర్ణయాలు సరిహద్దు ప్రాంతంలో ఇంటింటి వ్యవహారాలు. కల్దార్లలో దాచుకొన్నవారికి అవి ఇంటి దగ్గర చెల్లని నాణేలయ్యాయి. హాలీలో దాచుకొన్నవారికి రేపటి రోజున ఆ నాణేన్ని ముద్రించిన రాజ్యమే ఉంటుందో లేదో తెలియని స్థితి. బంగారాన్నీ వెండినీ దాటించడానికి ఆంక్షలు. పొదుపు ఏ రూపంలో ఉన్నా దానికొక రాజకీయ ప్రమాదం జతపడింది.

1948 సెప్టెంబరు 13న సైనిక చర్య మొదలైంది. విజయవాడ వైపు నుండి వచ్చిన భారత సైన్యం ఆ ఉదయమే కోదాడను, మధ్యాహ్నానికి మునగాలను చేరింది. వెనుదిరిగిన నిజాం బలగాలు సూర్యాపేట వద్ద మూసీ వంతెనను ధ్వంసం చేశాయి. సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. రాజ్యం ఐదు రోజుల్లో కూలింది. ఆ రాజ్యం ముద్రించిన రూపాయి మాత్రం వెంటనే కూలలేదు.

ఇక్కడ పాలకుని పొదుపుకు ఏమైందో కూడా గమనించదగ్గది. ఆ సెప్టెంబరులోనే నిజాం ప్రభుత్వానికి చెందిన సుమారు 10 లక్షల పౌండ్లు లండనులోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు బదిలీ అయ్యాయి. ఆ సొమ్ము ఎవరిదన్న వివాదంలో బ్యాంకులోనే స్తంభించిపోయింది. 2019 అక్టోబరు 2న లండను హైకోర్టు నిజాం వారసులకూ భారతదేశానికీ అనుకూలంగా తీర్పునిచ్చే నాటికి అది సుమారు 3.5 కోట్ల పౌండ్లకు పెరిగింది. సొమ్ము పెరిగింది గాని 71 సంవత్సరాల పాటు ఎవరికీ అక్కరకు రాలేదు. సంక్షోభ కాలంలో డబ్బును దూరం తరలించడం భద్రతకు పర్యాయం కాదనడానికి ఇదొక పెద్ద నిదర్శనం. వృద్ధాప్య పొదుపుకు మొత్తం ఎంత ఉందన్నది ఒక కొలమానమైతే, అవసరమైన నాడు చేతికి అందుతుందా అన్నది అంతకు మించిన కొలమానం.

5. ఏడుకు ఆరు: మార్పిడిలోని నీతి

విలీనం తరువాత భారత ప్రభుత్వం హాలీ సిక్కాను ఒక్కసారిగా రద్దు చేయలేదు. 1950లో భారత రూపాయి స్థానిక నాణెంతో పాటు చలామణిలోకి వచ్చింది. పాత మారకపు విలువ 7:6 నే పాటించారు. 1951లో హాలీ నాణెం జారీ ఆగింది. పూర్తి రద్దు 1959లో జరిగింది. అంటే సుమారు పదేళ్ళ పాటు ప్రజలకు మార్చుకొనే వ్యవధి లభించింది.

ఉదాహరణకు నెలకు 70 హాలీ రూపాయలు పొందే వ్యక్తికి కొత్త లెక్కలో 60 రూపాయలు వస్తాయి. అంకె తగ్గినట్టు కనిపించినా, ఆ నిష్పత్తి విలీనానికి ముందు మార్కెట్టు ఎరిగినదే కాబట్టి మారకంలో నష్టం లేదు. గెలిచిన ప్రభుత్వం ఓడిన రాజ్యపు నాణేన్ని తక్కువ ధరకు కొని ప్రజల పొదుపును హరించే అవకాశం ఉండి కూడా అలా చేయకపోవడం ఈ ఘట్టంలోని ముఖ్యాంశం. పొదుపరిని కాపాడినవి మూడు: ముందే తెలిసిన స్థిరమైన ధర, తగినంత గడువు, పాత బాధ్యతను స్వీకరించిన కొత్త ప్రభుత్వం.

ఈ మూడూ లేనిచోట ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి బర్మా తెలుగువారి అనుభవం చాలు. 1942లో జపాను దాడితో రంగూను నుండి వేలాది తెలుగు కుటుంబాలు ఆస్తులు వదిలి తరలివచ్చాయి. ఆక్రమణ కాలంలో జపాను ముద్రించిన నోట్లు 1945 తరువాత విలువ కోల్పోయాయి. 1964 మే నెలలో నీ విన్ ప్రభుత్వం 50, 100 చాట్ల నోట్లను రద్దు చేసింది. జాతీయీకరణ విధానంతో పాటు వచ్చిన ఆ నిర్ణయం అక్కడ మిగిలిన భారతీయ వర్తకుల, ఉద్యోగుల పొదుపును దెబ్బతీసింది. కోదాడలోని హాలీ రూపాయికీ రంగూనులోని చాట్ నోటుకూ వేర్వేరు గతులు పట్టడానికి కారణం పొదుపరి వివేకంలోని తేడా కాదు, వారసత్వ ప్రభుత్వం స్వీకరించిన బాధ్యతలోని తేడా.

6. వేతనం లేనివారి ముసలితనం

నాణెపు మార్పిడి నీతిమంతంగా జరిగినా దాని ఫలితం నగదు ఉన్నవారికే దక్కింది. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల్లోని కౌలుదార్లకు, కూలీలకు, వెట్టివారికి దాచుకొనేందుకు మిగులే లేదు. వారి లెక్కలో ముసలితనానికి ఆధారం పిల్లలు, పశువులు, చారెడు వెండి. అప్పు మాత్రం తరతరాలది.

1946–51 సాయుధ పోరాట కాలంలో అనేక గ్రామాల్లో దొరల, వడ్డీ వ్యాపారుల అప్పు పత్రాలను తగులబెట్టారు. ఆ పత్రం ఇచ్చినవానికి బంధనం, పుచ్చుకొన్నవానికి పొదుపు. ఒకరి వృద్ధాప్య భద్రతగా లెక్కకు వచ్చిన ఆస్తి మరొకరి యౌవనాన్ని తాకట్టు పెట్టిన కాగితం కావడం ఈ ప్రాంత ఆర్థిక చరిత్రలోని కఠిన వాస్తవం. పొదుపు రక్షణ గురించి మాట్లాడేటప్పుడు ఎవరి పొదుపు, ఎవరి శ్రమ మీద అనే ప్రశ్నను విడిచిపెట్టడానికి వీలులేదు.

1949లో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం భూమి స్వభావాన్ని మార్చాయి. దూరాన ఉండి శిస్తు తినే యజమానికి భూమి పింఛనులా పనికివచ్చే రోజులు తగ్గాయి. రక్షిత కౌలుదారుకు మాత్రం అదే భూమి మొదటిసారి ముసలితనపు ఆధారమయ్యే అవకాశం వచ్చింది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైన తరువాత ఎడమకాలువ కింది మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో మాగాణి పెరిగింది. మిగులు సొమ్ము పొలంగా, ఇంటి స్థలంగా, బియ్యం మిల్లులో వాటాగా, చీటీగా, బంగారంగా మారింది. బ్యాంకు డిపాజిట్టు తరువాత చేరింది. షేర్లు ఇంకా చాలా తరువాతి మాట.

7. పాలన మారినా నిలిచిన పింఛను

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, మైసూరు, బొంబాయి రాష్ట్రాల మధ్య విభజితమైంది. ఆనాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం పింఛన్ల బాధ్యతను వారసత్వ రాష్ట్రాలకు పంచే ఏర్పాటు చేసింది. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగినప్పుడు ఉద్యోగ నియామకాలు, ముల్కీ నిబంధనలు వివాదాస్పదమయ్యాయి గాని విరమణ పొందినవారి పింఛను హక్కు వివాదంలోకి రాలేదు.

న్యాయస్థానాలు ఈ హక్కును బలపరిచాయి. పింఛను ప్రభుత్వ దయాభిక్ష కాదని, అది ఆస్తి హక్కు వంటిదని సుప్రీంకోర్టు 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో పేర్కొంది. 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసు తీర్పు పింఛనును సామాజిక న్యాయంలో భాగంగా నిర్వచించింది. నేటికీ పింఛనుదారులు డిసెంబరు 17ను పెన్షనర్ల దినంగా జరుపుకొంటారు.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు కూడా అదే సూత్రం కొనసాగింది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం పింఛన్ల భారాన్ని జనాభా నిష్పత్తిలో పంచింది. ఆ నిష్పత్తి ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 శాతం. సూర్యాపేటలో విరమణ పొందిన ఉపాధ్యాయుడు హైదరాబాదు రాజ్యంలో పుట్టి, ఆంధ్రప్రదేశ్ కొలువులో పనిచేసి, తెలంగాణ ఖజానా నుండి పింఛను పొందడం ఈ తరంలో సాధారణ విషయం. మూడు ప్రభుత్వాలు మారినా ఆ పింఛను ఆగలేదు. చివరి వేతనంతో ముడిపడి, కరువు భత్యంతో పెరిగే ఆ పింఛనుకు మార్కెట్ సూచీతో సంబంధం లేదు.

8. 2004: బాధ్యత రూపాంతరం

ఈ కొనసాగింపులో నిజమైన విరామం ఏ రాజ్య పతనంతోనో రాలేదు, ఒక విధాన నిర్ణయంతో వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2004 జనవరి 1 నుండి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 సెప్టెంబరు 1 నుండి కొత్తగా చేరేవారికి కంట్రిబ్యూటరీ పెన్షన్ విధానాన్ని వర్తింపజేశాయి. మూలవేతనం, కరువు భత్యాల మొత్తంలో 10 శాతం ఉద్యోగి చందా. మొదట ప్రభుత్వం అంతే మొత్తాన్ని జోడించింది. ఆ సొమ్ము పెన్షన్ నిధుల్లో యూనిట్లుగా మారుతుంది. విరమణ నాడు 60 శాతం వరకు ఒకేసారి తీసుకోవచ్చు, కనీసం 40 శాతంతో నెలవారీ చెల్లింపునిచ్చే యాన్యుటీ కొనాలి.

అదే సంవత్సరం మే 17న దేశ రాజకీయ మార్పు మార్కెట్టును ఎలా కుదిపిందో అందరూ చూశారు. లోక్‌సభ ఎన్నికల్లో ఎన్.డి.ఎ. ఓడిపోయి, వామపక్షాల మద్దతుతో కొత్త ప్రభుత్వం ఏర్పడబోతున్న తరుణంలో సెన్సెక్స్ ఒక దశలో 800 పాయింట్లకు పైగా పడిపోయింది. రెండు సార్లు లావాదేవీలు నిలిపివేశారు. చివరికి 564.71 పాయింట్ల నష్టంతో 4,505.16 వద్ద ముగిసింది. ఆ కుదుపు జరిగిన కొద్ది నెలలకే ఉమ్మడి రాష్ట్ర ఉద్యోగుల వృద్ధాప్యం అదే మార్కెట్టుతో పాక్షికంగా ముడిపడింది.

తేదీల రేఖకు ఇటూ అటూ నిలిచినవారి మధ్య అంతరం తీవ్రమైనది. 2003 డీఎస్సీ వంటి నియామక ప్రక్రియల్లో ప్రకటన 2004 సెప్టెంబరుకు ముందే వెలువడినా, కొలువులో చేరడం ఆ తరువాత జరిగినందున ఆ ఉపాధ్యాయులు కొత్త విధానంలోకి వచ్చారు. ఒకే బడిలో ఒకే పాఠం చెప్పే ఇద్దరిలో ఒకరికి పాత పింఛను, మరొకరికి యూనిట్ల ఖాతా. పాలనాపరమైన ఆలస్యం ఇద్దరి ముసలితనాలను వేరుచేసింది. పాత పింఛను కోసం ఆ ఉపాధ్యాయులు చేస్తున్న వాదనకు నైతిక బలం ఇక్కడే ఉంది.

రాజకీయ ఉద్యమం జీతాన్ని ఆపినప్పుడు కూడా ఈ భేదం కనబడుతుంది. 2011 సెప్టెంబరు 13 నుండి అక్టోబరు 24 వరకు 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో ఉద్యోగులు, ఉపాధ్యాయులు వేతనం వదులుకొని పాల్గొన్నారు. పాత విధానంలో సర్వీసు క్రమబద్ధమైతే పింఛను లెక్క యథాతథం. చందా విధానంలో జీతం రాని నెలకు చందా కూడా జమకాదు.

9. ఒడుదొడుకుల పరిమాణం

మార్కెట్ భయాన్ని అంకెలలో పరిశీలించడం అవసరం. ప్రభుత్వోద్యోగుల సాధారణ పథకంలో ఈక్విటీ వాటా చాలాకాలం 15 శాతానికి మించలేదు. మిగిలినది ప్రధానంగా ప్రభుత్వ సెక్యూరిటీలు, బాండ్లు. సొంతంగా ఖాతా తెరిచే ప్రైవేటు వ్యక్తి ఆ కాలంలో తన ఎంపికతో ఈక్విటీని 75 శాతం వరకు పెంచుకోగలిగేవాడు. నిధులు సూచీని అచ్చంగా అనుసరించవు గాని, పోలిక కోసం సూచీనే ప్రమాణంగా తీసుకొని 10 లక్షల రూపాయల ఖాతాను ఊహించవచ్చు.

2024 జూన్ 4న, లోక్‌సభ ఫలితాల నాడు, సెన్సెక్స్ 5.74 శాతం పడిపోయి 72,079 వద్ద ముగిసింది. 15 శాతం ఈక్విటీ ఉన్న ఖాతాకు ఆ రోజు నష్టం సుమారు 8,610 రూపాయలు. 75 శాతం ఉన్న ఖాతాకు సుమారు 43,050 రూపాయలు. మూడు రోజులు గడిచేసరికి, జూన్ 7న, సూచీ 76,693కు చేరి పతనానికి ముందున్న స్థాయిని దాటింది. జూన్ 4 సాయంత్రం భయపడి అమ్మినవారికి మాత్రమే ఆ నష్టం శాశ్వతమైంది. 2009 మే 18న దీనికి విపర్యయం జరిగింది. ఎన్నికల్లో స్పష్టమైన తీర్పు రాగా సూచీ ఒక్క రోజులో 2,110 పాయింట్లు ఎగబాకింది. అంతకుముందే వైదొలగినవారికి ఆ లాభం దక్కలేదు.

2008 కథ వేరు. దానికి మూలం అంతర్జాతీయ ఆర్థిక సంక్షోభం. జనవరి 10న 21,206ను తాకిన సూచీ అక్టోబరు 27న 7,697కు దిగింది. పతనం 63.7 శాతం. 15 శాతం ఈక్విటీ ఉన్న ఊహా ఖాతాలో నష్టం సుమారు 95,550 రూపాయలు కాగా, 75 శాతం ఉన్న ఖాతాలో సుమారు 4,77,750. సూచీ మళ్ళీ 21 వేల స్థాయిని అందుకొన్నది 2010 నవంబరులోనే. ముప్పై ఏళ్ళ ఉద్యోగికి ఈ రెండేళ్ళ పదినెలలు ఒక అంతరాయం మాత్రమే, చౌకగా యూనిట్లు సమకూరిన కాలం కూడా. ఆ నడుమ విరమణ పొంది, కూతురి పెళ్ళికో వైద్యానికో సొమ్ము తీసుకోవలసినవానికి అది కోలుకోలేని నష్టం. సొమ్మును వెంటనే తీసుకోకుండా వాయిదా వేసుకొనేందుకు నిబంధనలు వీలు కల్పించినా, అవసరం వాయిదా పడదు.

కాబట్టి ఎన్నికల నాటి కుదుపులు తీవ్రంగా కనిపించినా చాలావరకు అల్పకాలికం. అసలు ప్రమాదం పతనమూ విరమణ తేదీ ఒకేచోట కలవడంలో ఉంది. రాబోయే నాలుగైదేళ్ళలో అవసరమయ్యే సొమ్మును ఈక్విటీ నుండి క్రమంగా తప్పించడం, మిగిలినదాన్ని వార్తలను చూసి కదిలించకపోవడం అనే జాగ్రత్తలకు హేతువు ఈ అంకెల్లోనే ఉంది. పాతకాలపు రైతు విత్తనపు వడ్లను అమ్మకపు ధాన్యంతో కలపకుండా వేరే దాచుకోవడంలోని తర్కమూ ఇదే.

10. ఉమ్మడి భుజం, ఒంటరి భుజం

మిర్యాలగూడ మిల్లుల్లో, కోదాడ–హుజూర్‌నగర్ వైపు సిమెంటు కర్మాగారాల్లో భవిష్యనిధి సభ్యత్వమున్న కార్మికుని విషయం ఇక్కడ ఆసక్తికరమైన పోలికనిస్తుంది. భవిష్యనిధి సంస్థ 2015 ఆగస్టు నుండి కొత్త జమల్లో 5 శాతంతో మొదలుపెట్టి, తరువాత 15 శాతం వరకు ఎక్స్ఛేంజీ ట్రేడెడ్ ఫండ్లలో పెట్టుబడి పెడుతున్నది. అంటే కార్మికుని సొమ్ములోనూ కొంత షేర్ మార్కెట్టుకు చేరుతుంది. అయినా జూన్ 4 సాయంత్రం అతని పాసుపుస్తకంలో అంకె తగ్గదు. సంస్థ మొత్తం రాబడిని కలిపి ఏడాదికొక వడ్డీరేటు ప్రకటిస్తుంది. 2023–24కు అది 8.25 శాతం.

రెండు విధానాల్లోనూ ఈక్విటీ పరిమితి చాలాకాలం ఇంచుమించు ఒకటే. ఒకచోట ఒడుదొడుకును సంస్థ తన భుజాన మోసి సభ్యులందరికీ కాలం మీద పంచుతుంది. మరొకచోట ప్రతి ఖాతాదారుడూ తన విరమణ తేదీనాటి ధరను ఒంటరిగా ఎదుర్కొంటాడు. మార్కెట్టులో ప్రవేశించడమే ప్రమాదమన్న సాధారణ అభిప్రాయాన్ని ఈ పోలిక సవరిస్తుంది. ప్రమాదాన్ని పంచే ఏర్పాటు ఉందా లేదా అన్నదే కీలకం.

ఇటీవలి విధానాలు ఈ దిశగానే మళ్ళుతున్నాయి. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ హామీ పింఛను చట్టాన్ని ఆమోదించింది. 2025 ఏప్రిల్ 1 నుండి కేంద్ర ఉద్యోగులకు ఏకీకృత పింఛను పథకం అందుబాటులోకి వచ్చింది. 25 ఏళ్ళ సర్వీసు ఉన్నవారికి చివరి 12 నెలల సగటు మూలవేతనంలో 50 శాతం హామీ అందులో ప్రధానాంశం. రెండింటిలోనూ చందా కొనసాగుతూనే హామీ తిరిగి ప్రవేశించింది.

హమాలీలు, వ్యవసాయ కూలీలు ఈ రెండు వర్గాలకూ వెలుపల ఉన్నారు. 2014 నవంబరులో నెలకు 1,000 రూపాయలతో మొదలై, 2019లో 2,016కు పెరిగిన ఆసరా పింఛనే వారిలో చాలామందికి ముసలితనపు నికరాదాయం. అది మార్కెట్టుతో మారదు గాని, ధరలతో పాటు దానంతటదే పెరగదు. సూచీ పతనం కంటే నిశ్శబ్దంగా కొనుగోలు శక్తిని తినే ద్రవ్యోల్బణమే వారికి పెద్ద ఒడుదొడుకు.

11. ముగింపు

ఈ పరిశీలన నుండి కింది అంశాలు తేలుతున్నాయి.

1. 1948–59 మధ్య హాలీ సిక్కా పొదుపు నిలవడానికి స్థిరమైన మారకపు ధర, దీర్ఘ గడువు, వారసత్వ ప్రభుత్వపు బాధ్యతా స్వీకారం కారణాలు. బర్మా తెలుగువారికి ఇవి లభించలేదు.

2. 1956, 2014 పునర్వ్యవస్థీకరణల్లో పింఛను బాధ్యత చట్టబద్ధంగా బదిలీ అయింది. రాజకీయ తీవ్రత ఎంత ఉన్నా విరమణ పొందినవారి హక్కు సురక్షితంగా నిలిచింది.

3. 2004 విధానం ప్రభుత్వ హామీని చందాకు పరిమితం చేసి, విరమణ నాటి ఫలితాన్ని ఉద్యోగికి విడిచిపెట్టింది.

4. ఎన్నికల నాటి పతనాలు 15 శాతం ఈక్విటీ ఖాతాను స్వల్పంగానే తాకుతాయి. దీర్ఘ పతన కాలంలో విరమణ రావడమే అసలు ప్రమాదం. దీనిని వ్యక్తిగత జాగ్రత్త కొంతవరకు తగ్గించగలదు, సామూహిక హామీ మాత్రమే తొలగించగలదు.

5. భూమి, ధాన్యం, అప్పు పత్రం రూపంలోని పొదుపు ఒకరి భద్రతనూ మరొకరి బంధనాన్నీ ఏకకాలంలో సూచించింది. వృద్ధాప్య భద్రత చరిత్రను వేతనజీవుల కోణంలో మాత్రమే రాస్తే అది సగం చరిత్రే అవుతుంది.

2004 సెప్టెంబరు తరువాత నడివయసులో కొలువులో చేరినవారు ఇప్పటికే విరమణ పొందుతున్నారు. తెలంగాణలో విరమణ వయసు 2021లో 61కి పెరిగినందున, నలభై ఏళ్ళ వయసులో చేరినవారి తొలి వరుస 2025 నాటికి ఆ గడప చేరింది. పాత పింఛను తాతల తరాన్ని మూడు ప్రభుత్వాల మార్పుల మీదుగా దాటించింది. కొత్త ఖాతాలు ఈ తరాన్ని ఎలా దాటిస్తాయన్నది సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో రాబోయే పదేళ్ళలో తేలనున్నది. క్షేత్ర పరిశోధకులు ఆ అనుభవాలను ఇప్పటినుండే నమోదు చేయవలసిన అవసరం ఉంది.